వెనక చక్రాల బేరం

బాలానగర్ చౌరస్తాలో నా అంత గొప్పగా బండి కొన్నవాడు ఇంకొకడు లేడని ఇప్పటికీ చెప్పుకుంటాను. ఏడున్నర వేలు చెప్పిన కారును ఐదు వేల రెండు వందలకు దించాను. అదీ పొద్దున్నే, గ్లాసులో చాయ్ చల్లారేలోపు, గొంతు పెంచకుండా. పక్కనే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే జీపు నిలబడి ఉండగా, నాకు కావలసింది ఆ జీపే అని తెలిసి ఉండగా, వెనక చక్రాలతో మాత్రమే నడిచే కారును ఎంచుకున్నాను. తెలియక తప్పు చేసేవాళ్ళు ఊరంతా ఉంటారు. అన్నీ తెలిసి, లెక్క వేసుకుని, పద్ధతి ప్రకారం తప్పు చేయాలంటే చిన్నప్పటినుంచి కొట్లో పెరిగి ఉండాలి.

మాది ఇనుప సామాను కొట్టు. బాలానగర్‌లో షెడ్డు పక్కన షెడ్డు లేస్తున్న రోజులు. నట్లు, బోల్టులు, మిషను బెల్టులు, కిలోల లెక్కన మేకులు పోయేవి. నేను నడక నేర్చుకున్నది గల్లాపెట్టె అంచు పట్టుకునే అని మా అమ్మ చెప్పేది. మీసాలు రాకముందే ఏ గిరాకి కొంటాడో, ఏ గిరాకి ధర అడిగి పోతాడో మెట్ల మీద చెప్పుల చప్పుడును బట్టి చెప్పగలిగేవాణ్ణి. పెళ్ళయ్యేనాటికి ఆ విద్య మీద విసుగు పుట్టింది. కూర్చుంటే కాలు ఊగేది. తక్కెడ ముందు కాలు ఊపితే ముల్లు నిలవదు. "కాలాపురా, తూకం కదులుతుంది" అని మా నాయన గద్దె మీదినుంచే అనేవాడు. కాలు ఆపితే వేళ్ళు గల్లాపెట్టె మీద దరువు వేసేవి. వేళ్ళు ఆపితే కళ్ళు రోడ్డు మీదికి పోయేవి. ఏ లారీ గేరు మార్చినా అది పటాన్‌చెరువు వైపు పోతోందా, సికింద్రాబాద్ వైపు పోతోందా అని తెలుసుకోకపోతే నాకు ఊపిరి ఆడేది కాదు.

అలా ఉండగా ఒక ద్రాక్షతోట కౌలుకు దొరికింది. హఫీజ్‌పేట్ స్టేషను దాటి బండరాళ్ళ గుట్టల వైపు పోతే, ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ నేల మీద అప్పుడు ద్రాక్షపందిళ్ళు ఉండేవి. తోట యజమానికి పట్నంలో ఉద్యోగం. పిందె మీద ఉన్న పంటను ఆరు వేలకు మాట్లాడుకున్నాను. అందులో సగం నేను దాచుకున్నది, సగం మా ఆవిడ జీతంలోంచి మిగిల్చినది. ఆమె ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. వాళ్ళది కృష్ణా జిల్లా. వాళ్ళ నాన్నగారు బదిలీ మీద వచ్చి మా మేడమీది వాటాలో కిరాయికి దిగారు. నెలనెలా ఆయనతో కిరాయి దగ్గర బేరమాడుతూ ఆడుతూ చివరికి ఆ ఇంటి అల్లుణ్ణయ్యాను.

కౌలు సరే, బండి కావాలి. ద్రాక్ష తెల్లవారకముందే పండ్ల మండికి చేరాలి. ఎడ్లబండి మీద వేస్తే రాత్రంతా పడుతుంది, కుదుపుకు కాయ రాలుతుంది. మా కాస్త సరుకుకు లారీవాడు ఆ బాటలోకి దిగడు. కొత్తది కొందామంటే, ఆ రోజుల్లో స్కూటరుకు పేరు రాయించుకున్నా పిల్లలు పుట్టి బడికి పోయేనాటికి వచ్చేది. పాత బండికి డబ్బు ఇచ్చే మనిషి ఒక్కడే, మా నాయన. ఆయన గల్లా తాళం తీయకుండానే షరతు చెప్పాడు.

"ఒక్క పంట చూస్తరా. ఖర్చులన్ని పోను ఒక్క రూపాయి మిగిలినా సరే, నీ ఇష్టమొచ్చిన తాన తిరుగు, నేనడ్డం రాను. మిగల్లేదనుకో, గప్‌చిప్‌గ వచ్చి గల్లాకాడ కూసోవాలె. మళ్ల తోటలు గీటలు అనొద్దు."

"రూపాయంటే రూపాయేనా?"

"అర్ధరూపాయికి ఒప్పుకోమంటవా ఏంది?"

నేను అప్పుడు నవ్వాను. కానీ నా బతుకంతా ఆ ఒక్క రూపాయి మీద ఆగింది. అది మిగిలితే రోడ్డు, మిగలకపోతే గద్దె.

చౌరస్తాకు అవతల రేకుల షెడ్డులో పాత బండ్లు అమ్మే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. అందరూ సేఠ్ అనేవాళ్ళు. ఆ వారం ఆయన దగ్గర నా డబ్బుకు అందేవి రెండే ఉన్నాయి. ఒకటి మిలిటరీ వేలంలో తెచ్చిన జీపు. ఆకుపచ్చ మీద ఇంకో ఆకుపచ్చ పూసి ఉంది. గేరు రాడ్డు పక్కన మరో రెండు చిన్న రాడ్లు ఉన్నాయి. వాటిలో ఒకటి లాగితే ముందు చక్రాలు కూడా పనిలోకి దిగుతాయి. షెడ్డు వెనక వాలుగా పడుకున్న బండ ఒకటి ఉండేది. సేఠ్ దాని మీద రెండు బకెట్ల నీళ్ళు పోయించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జీపును ఎక్కించాడు. వెనక చక్రాలు నున్నటి రాయి మీద జారి గింగిర్లు తిరిగాయి. ఆయన రాడ్డు లాగాడు. ముందు చక్రాలు ఎక్కడో గరుకు దొరికించుకుని మమ్మల్ని పైకి ఈడ్చాయి. దిగి చూస్తే నా పళ్ళు ఇంకా టకటకలాడుతున్నాయి. మంచి రోడ్డు మీద కూడా ఆ జీపు అలాగే నడిచేది. సీటు కింద స్ప్రింగు ఒకటి పొడుచుకు వచ్చి ఉండేది, గట్టిగా తొక్కితే వేగం పెరగకుండా చప్పుడు మాత్రం పెరిగేది.

రెండోది కారు. నాలుగు తలుపులు, పొడుగాటి ముక్కు, నేలకు తగిలేటంత కిందికి కూర్చున్న నడుము. ఏదో నవాబుగారి అబ్బాయి విదేశాన్నుంచి తెప్పించుకుని పందేల్లో తోలాడట. దాన్ని బొంబాయి రోడ్డు మీదికి తీసి మియాపూర్ దాకా పోయాను. అప్పుడక్కడ చెరువు, జొన్నచేలు, రోడ్డు తప్ప ఏమీ లేవు. యాక్సిలరేటరు నొక్కితే వెనకనుంచి ఎవరో నడుం మీద అరచెయ్యి వేసి తోసినట్టు కదిలింది. ముందు చక్రాలకు దారి చూపడం తప్ప వేరే బరువు లేకపోవడంతో స్టీరింగు రెండు వేళ్ళతో తిరిగింది. మలుపులో వెనక భాగం కొంచెం పక్కకు జరిగి, చిన్నగా భయపెట్టి, మళ్ళీ సర్దుకుంది. ఆ భయం నాకు నచ్చింది. మియాపూర్ చెరువు దగ్గర బండి ఆపి చూసుకుంటే నా కాలు ఊగడం లేదు. ఎన్నేళ్ళకు నిలిచిందో ఆ కాలు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు రెండూ వర్ణించాను. ఒకదాన్ని కాస్త ఎక్కువగా వర్ణించి ఉంటాను.

"ఏవండీ, ఆ కారు వాన రోజున తోటలోంచి బయటికొస్తుందా?"

"ఎండకాలం పంటకు వానేంది?"

"ఎండాకాలంలో గాలివాన రాదా? మీ వైపు మబ్బులకేమన్నా క్యాలెండరు ఇచ్చారా?"

"వెనక సీటు పీకేసి గంపలు వేస్త. బరువు మొత్తం వెనక చక్రాల మీద పడ్తది. బరువుంటే గట్టిగ పట్టుకుంటయి."

"గట్టి నేల మీదైతే పట్టుకుంటాయండి. బురదలో అయితే దిగుతాయి. మా ఊళ్ళో వడ్లబస్తాల బండి ఎప్పుడు కూరుకుపోయినా బరువుతోనే కూరుకుపోయేది. ఖాళీ బండి కూరుకోవడం నేను చూళ్ళేదు."

"మీది రేగడి. మాది ఎర్రమన్ను, రాయి."

"సరే. వాన రోజున వచ్చేది కొనండి, అంతే నా మాట. ఎండ రోజున ఏదైనా వస్తుంది."

ఆ తర్వాత వారమంతా నాకు ఒక చోట నిలకడ లేదు. కొట్లో గిరాకికి అరకిలో మేకులు తూస్తూ ఒక పళ్ళెంలో జీపును, ఇంకో పళ్ళెంలో కారును పెట్టుకుని చూసేవాణ్ణి. జీపుకు పెట్రోలు ఎక్కువ, ఆ ఏడు పెట్రోలు ధర మండిపోతోంది. కారు వేగంగా పోతుంది, మండికి ముందు చేరిన సరుకుకు వేలంలో ముందు పాట, మంచి ధర. కానీ తోటనుంచి స్టేషను రోడ్డుకు వచ్చే బాట మధ్యలో వానకు మాత్రమే పారే ఒర్రె ఒకటి ఉంది, దాని అవతల చిన్న ఎక్కుడు ఉంది. ఎండలో అది ఒక లెక్కే కాదు. తడిస్తే? తోట దాకా సైకిలు మీద పోయి ఆ ఒర్రెలో చెప్పులతో నేల తొక్కి చూశాను. గట్టిగానే ఉంది. నీళ్ళు పోసి తొక్కి చూద్దామని మాత్రం అనుకోలేదు. సైకిలు తిప్పుకుని వస్తూ జీపే అని తేల్చుకునేవాణ్ణి. స్టేషను దగ్గరకు వచ్చేసరికి కారు అయ్యేది. రాత్రి అన్నం ముందు కూర్చుని మళ్ళీ జీపు. మా ఆవిడ అడగడం మానేసింది.

ఆఖరికి మనసు తేల్చుకోలేక పనిని బేరానికి వదిలిపెట్టాను. మావాళ్ళకు అది అలవాటే. ఏది కావాలో తెలియనప్పుడు ఏది తగ్గితే అది కొంటాం.

మా బజారులో మొదటి గిరాకిని వట్టి చేతులతో పంపడానికి ఎవరూ ఇష్టపడరు. బోణీ చెడితే రోజంతా చెడుతుందని భయం. అందుకని తెలిసినవాడు పొద్దున్నే, అగరువత్తి వెలిగించే వేళకు వస్తాడు. ఇంకో పద్ధతి, తన ధర చెప్పి వెళ్ళిపోవడం. వెనక్కి పిలిచినవాడు ఓడినట్టు. పిలవలేదంటే ఆ సరుకు మీద వాడికి ధీమా ఉన్నట్టు. మా కొట్లో మంచి తాళం బేరమాడి గిరాకి వెళ్ళిపోతే మా నాయన తల కూడా ఎత్తడు. తుప్పు పట్టిన గొళ్ళాలు అడిగినవాణ్ణి మాత్రం మెట్లు దిగనివ్వడు. ఇదంతా నాకు అన్నంతో పాటు అబ్బిన చదువు.

సేఠ్ ఇంకా షెడ్డు తలుపు పూర్తిగా తీయలేదు. అగరువత్తి గూట్లో గుచ్చి తిరిగేసరికి నేను ఉన్నాను.

"జీపుకెంత సేఠ్?"

"చెప్పిన గద మొన్ననే. ఏడు వేలు."

"ఆరు."

"ఏడు."

"బోణీ గిరాకిని. ఆరు మీద రెండు నూర్లు."

"బోణీకే ఏడు. పగటీలి వస్తే ఇంక జాస్తి చెప్తుంటి."

నేను నడిచాను. గేటు దాకా మెల్లగా నడిచాను. నా వెనక అగరువత్తి వాసన తప్ప ఏమీ రాలేదు. గేటు దగ్గర చెప్పులో రాయి పడ్డట్టు వంగి, ఇంకాస్త వ్యవధి ఇచ్చాను. ఏమీ లేదు. అప్పుడు లేచి, ఏదో గుర్తొచ్చినట్టు కారు దగ్గరికి వెళ్ళి టైరును కాలితో తన్నాను.

"గీ డొక్కుకెంత?"

"డొక్కా? నవాబ్ సాబ్ కొడుకు నడిపిన బండి. ఏడున్నర."

"ఆ కొడుకు ఇప్పుడేం నడుపుతుండు?"

"సైకిల్ గావొచ్చు. నాకేం దెలుసు. కొంటవా, ఇంటి ముచ్చట అడుగుతవా?"

"నాలుగు వేలు."

"నాలుగుకు టైర్లొస్తయి, తీస్కపో. ఆరున్నర."

నడిచాను. గేటు సగం దూరంలో ఉండగానే పిలుపు వచ్చింది. "భయ్యా, జర ఆగు. ఆరు." తిరిగి వచ్చి నాలుగున్నర అన్నాను, మళ్ళీ నడిచాను. మళ్ళీ పిలిచాడు. ఈసారి ఐదున్నర. చాయ్ వచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసు బండి ముక్కు మీద పెట్టి మూడోసారి లేచాను. "ఐదు మీద రెండు నూర్లు, ఇగ నా బోణీ పాడుచేయకు" అన్నాడు సేఠ్, చేతులు రెండూ జోడించినంత పని చేసి.

మూడుసార్లు పిలిచిన సరుకు ఏ జాతి సరుకో నాకు తెలియదా. నిన్న సాయంత్రమే ఒక మేస్త్రీకి తుప్పు గొళ్ళాలు సరిగ్గా ఇలాగే అంటగట్టి ఉన్నాను. కానీ ఏడున్నర ఐదు రెండు నూర్లయిన చోట, ఆ తగ్గిన డబ్బు నా తలకు ఎక్కింది. జీపు దగ్గర ఓడిపోయిన పరువు కారు దగ్గర తిరిగి వచ్చింది. జేబులోంచి కట్ట తీశాను.

ఇంటిముందు ఆపి హారన్ కొట్టాను. మా నాయన బయటికి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎంత?"

"ఏడున్నర చెప్పిండు. ఐదు రెండు నూర్లకు దించిన."

"ఎన్నిసార్లు పిలిచిండు?"

"మూడుసార్లు."

"మూడుసార్లా" అని లోపలికి పోయాడు.

మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని చూసి, "సీటు బావుంది" అంది. ఆమె ఒక్క సీటు గురించే మాట్లాడిందని నేను గమనించకపోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ కారు నన్ను నిజంగానే గొప్పవాణ్ణి చేసింది. వెనక సీటు పీకి, గడ్డి పరిచి, గంపలు పేర్చేవాళ్ళం. కాయ కోసే ఆడవాళ్ళ ముఠాకు హఫీజ్‌పేట్ నుంచి వచ్చే ఒకామె పెద్ద. మేస్త్రమ్మ అనేవాళ్ళం. ఆమె మొదటిరోజే నడుం మీద చెయ్యి పెట్టుకుని కారును పైకీ కిందికీ చూసింది.

"అయ్యా, గిది పెండ్లికొడుకు ఎక్కే బండి గద. నెత్తిన గంప వెడితే అలగదా?"

"అలిగితే నువ్వే బుజ్జగించు."

"నాకెందుకు, కట్టుకున్నోనివి నువ్వున్నవు."

కారు అలగలేదు. చీకటితో బయల్దేరితే మండికి అందరికంటే ముందు నా గంపలే దిగేవి. దళారి ముందుగా నా సరుకే పాటకు పెట్టేవాడు. మొదటి పాటకు వచ్చే ధర కారు తెచ్చిన ధరే అని ప్రతిరోజూ ఇంట్లో వినిపించేవాణ్ణి. ఖాళీ గంపలతో తిరిగి వస్తూ స్టేషను దగ్గర మలుపు తిరగాల్సింది పోయి, నేరుగా పటాన్‌చెరువు దాకా పోయి వచ్చేవాణ్ణి. అక్కడ నాకు ఏ పనీ లేదు. పోవడమే పని. ఆ పెట్రోలు ఎవరి ఖాతాలో పడుతుందో అప్పట్లో ఆలోచించలేదు.

జీపును ఒక గొడ్ల వ్యాపారి కొన్నాడు. ఏడు వేలూ ఇచ్చి, ఒక్క మాట బేరమాడకుండా కొన్నాడని సేఠ్ నాకు చెప్పి సంతోషించాడు. విని జాలిపడ్డాను. ఆ వ్యాపారి మా పక్క తోటే కౌలుకు చేస్తున్నాడు. రోజూ నా వెనకాల దడదడలాడుతూ వచ్చి, పాట సగం అయ్యాక మండికి చేరేవాడు.

పంటలో ఆఖరి కోత మిగిలింది. దాన్ని రెండు రోజుల్లో కోసి మూడు దఫాలుగా చేరవేయాలని ఏర్పాటు. మొదటిరోజు మధ్యాహ్నానికే సగం పైగా కోశారు, గంపలన్నీ పందిరి కింద వరసలు కట్టాయి. మిగిలిన గుత్తులు పందిరి మీద నిండుగా ఉన్నాయి, వాటిని మర్నాటి పొద్దున కోయవచ్చు. అంతదాకా వచ్చిన డబ్బుకు ఈ కోత కలిస్తే మా నాయన రూపాయి ఒకటి కాదు, చాలానే మిగులుతుంది. మధ్యాహ్నం దాటాక గాలి ఆగిపోయింది. గుట్టల వెనక ఆకాశం ఇనుపరేకు రంగుకు తిరిగింది.

"అయ్యా, మొదలు కారును ఒర్రె దాటించు. గంపలు మేం మోస్కొచ్చి అవుతల వేస్తం" అంది మేస్త్రమ్మ.

గంపకింత అని మోతకూలీ అడుగుతుందని నాకు అనుమానం వచ్చింది. "ఏం గాదు, నింపుండ్రి" అన్నాను.

నింపేసరికి వాన పట్టుకుంది. వడగళ్ళతో మొదలై, కుండపోతగా మారింది. ఒర్రెలోకి దిగడం బాగానే దిగింది. అవతలి ఎక్కుడులో సగం ఎక్కి వెనక చక్రాలు జారాయి. ముందు చక్రాలు ఎటు తిప్పితే అటు తిరిగాయి గానీ, బండి మాత్రం కదల్లేదు. గంపల బరువు నేను అనుకున్నట్టే సరిగ్గా వెనక చక్రాల మీద పడింది. ఆ బరువుతో అవి చక్కగా దిగిపోయాయి. ఆడవాళ్ళు అందరూ కలిసి తోశారు. బండి అడ్డంగా తిరిగి బాటను మూసేసింది. మబ్బు చూసి, సరుకును స్టేషను రోడ్డు దాకా చేర్చడానికి కిరాయికి పిలిపించిన ఎడ్లబళ్ళు రెండు వెనక ఆగిపోయాయి. తోటలో ఉన్న సరుకు అంతా నా కారు వెనకే ఉంది.

అప్పుడు జీపు వచ్చింది. గొడ్ల వ్యాపారి పక్క తోటనుంచి తన సరుకు వేసుకుని, గెట్టు మీదినుంచి చేనులోకి దిగి, చేనులోంచి ఎక్కుడు మీదికి నడిచినంత తేలిగ్గా వచ్చి, నా పక్కన ఆపాడు.

"దిగబడ్డదా?"

"దిగబడలే. జర ఆగింది."

"ఆగిందా. మంచిది. నలభై ఇస్తే జర నడిపిస్త."

"నలభయ్యా? తాడు నాదే గద. పదిహేను."

"తాడు నీదే, బురద నీదే, జీపొక్కటే నాది. నలభై."

"అయ్యా, ఇయ్యి. ఒర్రె నిండుతుంది" అంది మేస్త్రమ్మ, తల మీద గోనెపట్టా కప్పుకుని.

"నువ్వుండమ్మా. ఇరవై, అన్న. ఇరుగు పొరుగోళ్ళం."

"ఇరుగు పొరుగైతేనే నలభై. వేరేటోనికి యాభై చెప్తుంటి."

ఒక్క రూపాయి కూడా దిగలేదు. దిగని ధర అంటే ఏమిటో తెలిసినవాణ్ణి. కానీ వానలో, ఆడవాళ్ళందరి ముందు, జీపు కొన్నవాడికి కారు కొన్నవాడు అడిగినంత ఇవ్వడం నా వల్ల కాలేదు. పుట్టినప్పటినుంచి వచ్చిన విద్య ఒకటే. వెళ్ళిపోవాలి. బండి బురదలో ఉంది, వెళ్ళిపోవడానికి చోటు లేదు. అందుకని వెనక్కి తిరిగి, చక్రం కింద వేయడానికి రాళ్ళు ఏరుతున్నట్టు వంగాను. పిలుస్తాడు, ముప్పై అంటాడు, ఇరవై ఐదుకు తెగుతుంది. వాడు పిలవలేదు. రాడ్డు లాగిన చప్పుడు వినిపించింది. జీపు ఎక్కుడు ఎక్కి మెల్లగా పోయింది. అంత మెల్లగా ఎందుకు పోయాడో తర్వాత వాడే చెప్పాడు. మలుపు దాకా నేను పిలుస్తానని చూశాడట. వాడు గొడ్ల అంగట్లో పెరిగినవాడు, నేను కొట్లో పెరిగినవాణ్ణి. ఇద్దరం ఎదుటివాడి పిలుపు కోసం ఆగాం. జీపు చప్పుడు సన్నబడి సన్నబడి వినపడకుండా పోయింది.

కోపంతో ఇంజిన్‌ను గుక్క తిప్పుకోనివ్వకుండా తొక్కాను. క్లచ్చు మాడిన వాసన ద్రాక్ష వాసనను మింగేసింది. చీకటి పడేలోపు ఒర్రె పొంగింది. జీపు కూడా ఆ రాత్రి తిరిగి రాలేకపోయింది.

పొద్దున్నే వచ్చాడు. ఆకాశం కడిగినట్టు ఉంది. "నలభై" అన్నాడు. ఇచ్చాను. "నిన్న కూడ గంతే గద" అన్నాడు, నోట్లు మడుస్తూ, వెటకారం లేకుండా. తాడు కట్టి, రాడ్డు లాగి, ఒక్క గుంజుడుతో బయటికి తెచ్చాడు. గంపల్లోని కాయ రాత్రంతా నాని మెత్తబడింది. పందిరి మీది కాయ పగుళ్ళు వారింది, కందిరీగలు ముసిరాయి. రసం తీసేవాడు ఒకడు వచ్చి నాలుగు వందల పదికి అంతా ఎత్తుకుపోయాడు. బేరమాడాను, అలవాటు కొద్దీ. పది అలా వచ్చిందే.

కొత్త క్లచ్చు వేయించి కారును సేఠ్ దగ్గరికే తీసుకుపోయాను. మూడు వేల ఆరు వందలన్నాడు. గేటు దాకా నడిచాను. పిలవలేదు. నేనే తిరిగి వచ్చి డబ్బు తీసుకున్నాను.

ఆ సాయంత్రం మా నాయన, మా ఆవిడ, నేను కొట్టు మెట్ల మీద కూర్చున్నాం. లెక్క నోటితోనే చెప్పాను, ఏదీ దాచలేదు. కౌలు ఆరు వేలు. కూలీలు, మందులు, గంపలు రెండు వేల మూడు వందలు. కారు ఐదు వేల రెండు వందలు. పెట్రోలు ఏడు వందల ఎనభై, పటాన్‌చెరువు షికార్లతో కలిపి. క్లచ్చు ఆరు వందల నలభై. జీపువాడికి నలభై. మొత్తం పద్నాలుగు వేల తొమ్మిది వందల అరవై. వచ్చింది, వానకు ముందు ఎనిమిది వేల తొమ్మిది వందలు, రసంవాడి నాలుగు వందల పది, కారు అమ్మితే మూడు వేల ఆరు వందలు. పన్నెండు వేల తొమ్మిది వందల పది. నష్టం రెండు వేల యాభై. బేరంలో నేను దించిన రెండు వేల మూడు వందలను ఇందులో ఎక్కడ వేయాలో చోటు దొరకలేదు.

"ఆ నలభై ముందునాడే ఇస్తే?" అని అడిగింది మా ఆవిడ. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఆఖరి కోత మండిలో తక్కువలో తక్కువ రెండు వేల ఎనిమిది వందలు పలికేది. క్లచ్చు మాడేది కాదు. తొమ్మిది వందల ఎనభై మిగిలేది. మా నాయన అడిగింది ఒక్క రూపాయి. ఆయన లేచి, గల్లా తాళంచెవి మెట్టు మీద నా పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, ఇంటికి నడిచాడు.

తర్వాత చాలా ఏళ్ళు, ఎవరైనా అడిగితే, వెనక చక్రాల బండి కొని మునిగానని చెప్పేవాణ్ణి. అది నిజం కాదు. కారు అమ్మకంలో పోయిన పదహారు వందలను, మండికి ముందు చేరి అది తెచ్చిన ధర దాదాపు పూడ్చింది. ముందు చక్రాలు కూడా లాగే బండి నాకు అవసరమైంది ఒక్కసారి, ఒక్క ఎక్కుడు దగ్గర. ఆ అవసరానికి ఖరీదు అక్కడే, నా ముఖం మీదే చెప్పారు. వెనక చక్రాల ఖాతాలో పడేది నలభై రూపాయలు. ఆ రాత్రి ఆఖరి కోతలోనూ క్లచ్చులోనూ పోయిన మూడు వేల ముప్పై, గల్లాపెట్టె వెనక గడిచిన ఏళ్ళతో సహా, నా ఖాతాలోనివి.